ముందే చెప్పిన కృతజ్ఞత

మొన్న యాప్రాల్‌లో మా చుట్టాలింటికి వెళ్ళాను. గేటు ముందు షామియానా కడుతున్నారు, ఆటోలోంచి ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు. "ఏం కూడికమ్మా ఇయ్యాల?" అని అడిగితే, "కృతజ్ఞత కూడిక ఆంటీ" అంది ఆ ఇంటి కోడలు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో జబ్బు నయమైతేనో ఉద్యోగం వస్తేనో సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, అందరి ముందూ సాక్ష్యం చెప్పి భోజనం పెట్టడం మామూలే. "మీ మామకు జబ్బు తగ్గిందన్నమాట, మంచిది" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. "ఇంకా లేదు ఆంటీ. ఆపరేషన్ సోమవారం. విశ్వాసంతోని ముందే పెట్టుకుంటున్నం."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. "ఎవరు చెప్పిండ్రు నీకు ముందే పెట్టమని?" అని నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగేశాను. శుభమా అని పెట్టుకుంటుంటే ముసల్ది అడ్డం మాట్లాడిందంటారు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆయన బాగానే ఉన్నాడు, దేవునికి స్తోత్రం. కానీ ఆ రోజు ఇంటికొచ్చేదాకా నా మనసులో తిరిగింది అక్కే.

అక్క నా తోడబుట్టింది కాదు. నేను పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. పెళ్ళయ్యాక మల్కాజ్‌గిరిలో ఒక ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాం. కింద వాటాలో ఓనర్లు, అక్కా బావగారూ. బాపట్ల వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. అక్క సికింద్రాబాద్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. బావగారు రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, మా గుడిలో, అదే చర్చిలో, సంఘపెద్ద. ఆయన మెత్తని మనిషి, గట్టిగా తుమ్మితే సారీ చెప్పే రకం. అక్క అలా కాదు. అబ్బో, అక్కతో పెట్టుకుంటే అంతే!

నా పనీ అటే కాబట్టి లోకల్ ట్రైన్‌లో రోజూ కలిసి వెళ్ళేవాళ్ళం. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడి మరీ కూర్చునేది. కూర్చున్నాక కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేది. ప్రార్థన అనుకుంటాం. దగ్గరికెళ్ళి వింటే తగాదా. "ప్రభువా, ఇదేం పద్ధతయ్యా! నా క్లాసులో ఆ పిల్లాడి తండ్రి తాగొచ్చి కొడుతున్నాడని నీకు పోయిన వారమే చెప్పానా? ఏం చేశావు?" ఎదురింటి మనిషిని నిలదీసినట్టు నిలదీసేది. నేను నవ్వితే కళ్ళు తెరిచి, "నువ్వు మధ్యలో రాకు చెల్లీ, మా ఇద్దరి గొడవ మాది" అనేది.

గుడిలో ఎవరైనా మైకు పట్టుకుని అరుస్తూ ప్రార్థన చేస్తే దగ్గేది. అదేం దగ్గు అనుకున్నారు, వెనక వరసల దాకా వినిపించే దగ్గు! బయటికొచ్చాక ఆ మనిషిని పట్టుకుని, "నాయనా, దేవుడికి చెవుడు లేదు. నెమ్మదిగా చెప్పినా వింటాడు" అనేది. కొందరికి అక్కంటే గిట్టేది కాదు. ఆంధ్రావాళ్ళ పెత్తనం అని చెవులు కొరుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు, రాష్ట్రం గురించి గొడవలు గుడి మెట్ల దాకా వచ్చిన రోజులవి. అక్కకి ఇవేవీ పట్టేవి కావు.

సండే స్కూలు మాత్రం అక్కదే. ఒకసారి ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు, పెద్దవాళ్ళ సాక్ష్యాలు విని విని కాబోలు, చేతులు కట్టుకుని నిలబడి "నేను ఘోర పాపిని, ప్రభువు నన్ను ఊబిలోంచి లేపాడు" అని మొదలుపెట్టాడు. మేమంతా ముచ్చటపడిపోయాం. అక్క ముచ్చటపడలేదు.

"ఏం ఘోరం చేశావురా?"

వాడు నీళ్ళు నమిలాడు. "మా తమ్ముని చాక్లెట్ తిన్న టీచర్."

"అది చెప్పు. చేసింది చెప్పు, జరిగింది చెప్పు. ఊబి గీబి కలపకు. సాక్ష్యమంటే చూసిన మనిషి చెప్పేది."

వాడు బిక్కమొహం వేశాడు. పాపం పిల్లాడు కదా అక్కా అంటే, "పిల్లాడప్పుడే నేర్పాలి. పెద్దయ్యాక కలపడం అలవాటైపోతుంది" అంది. ఇంత పట్టుదల మనిషి తానే కలపాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వాళ్ళకి లేక లేక పుట్టిన ఒక్క కూతురు. డిగ్రీలో చేరినా ఆ ఇంట్లో దాని పేరు 'పాప'. సన్నగా, గలగలా మాట్లాడుతూ, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి నా వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసేది. ఆ పిల్లకి రక్తంలో జబ్బు అని తేలింది. ఏడాది పైగా ఆస్పత్రి చుట్టూ తిరిగారు. జుట్టంతా పోయింది. మళ్ళీ మొలకలెత్తింది. డాక్టర్లు "ప్రస్తుతానికి అదుపులో ఉంది" అన్నారు. ప్రస్తుతానికి అన్న మాట అక్క ఒక్కతే విన్నట్టుంది. మిగతా అందరికీ 'అదుపులో ఉంది' అన్నదే వినిపించింది.

అప్పుడొచ్చింది ఆ సిస్టరమ్మ. మా సంఘం మనిషి కాదు, ఇళ్ళల్లో ఉపవాస ప్రార్థనలు నడిపిస్తుంది. తెల్లచీర, తియ్యని గొంతు. చెడ్డ మనిషని నేను ఇప్పటికీ అనను, పాప మంచం పక్కన మోకాళ్ళ మీద ఎంతెంతసేపు ఉండేదో నా కళ్ళతో చూశాను. కానీ ఒకరోజు లేచి, "తారీఖు పెట్టండి" అంది. "స్వస్థత జరిగిపోయింది. కృతజ్ఞత కూడిక ప్రకటించండి. సందేహం ఉన్నచోట ఆయన పనిచేయడు."

"ఆఖరి టెస్టులు ఇంకా రాలేదండీ" అంది అక్క.

"టెస్టులు వచ్చాక నమ్మితే అది విశ్వాసం ఎలా అవుతుందమ్మా?"

బావగారు అక్క ముఖంలోకి బతిమాలుతున్నట్టు చూశారు. మంచం మీంచి పాప, "పెట్టమ్మా. షామియానా వేయించు. అందరూ వస్తే చూడాలనుంది నాకు" అంది. అంతే, అక్క తలూపింది. కన్నతల్లి కదండీ, ఇంకేమంటుంది?

ఆదివారం గుడిలో సాక్ష్యాలప్పుడు అక్క లేచి నిలబడింది. "ప్రభువు నా బిడ్డని స్వస్థపరిచాడు. వచ్చే శనివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. అందరూ రావాలి." గుడంతా హల్లెలూయా అంది. నా పక్కన వచ్చి కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. నా చెవిలో, "చెల్లీ, జరగనిది జరిగిందన్నానే" అంది. "ఊకో అక్కా, జరుగుతది" అన్నాను. అంతకంటే ఏమంటాను!

సోమవారం పాపకి జ్వరం వచ్చింది.

మామూలు జ్వరమే అనుకున్నాం. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది, చిగుళ్ళ నుంచి నెత్తురు. సిస్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఇది పరీక్ష. కదలకండి. ఆస్పత్రికి తీసుకెళ్తే మీరు ప్రకటించిన మాటని మీరే కాదన్నట్టు" అంది. ఫోన్ పెట్టిన అక్క గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని బావగారు, చెప్పులు కూడా వేసుకోకుండా, పిల్లని రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. నేను వెనకాల దుప్పటి పట్టుకుని పరిగెత్తాను. అక్క తాళం వేసి వచ్చి ఆటో ఎక్కింది.

జబ్బు తిరగబెట్టిందన్నారు డాక్టర్లు. బుధవారం మధ్యాహ్నం పాప వెళ్ళిపోయింది. గురువారం సమాధి చేశాం.

ఏడవడానికి కూడా సరిగ్గా టైం ఇవ్వలేదు జనం. సమాధుల తోట గేటు దాటకముందే నా చెవిన పడింది. "పెద్దాయన భయపడి దవాఖానకు ఎత్తుకపోయిండంట కదా. గదే. ఆడనే విశ్వాసం తెగింది." ఇంకొకామె, "ఔ మరి, ఇంట్ల ఒక్కరు డౌట్ పడ్డ సుత అంతే" అంది. నేను ఆగి, "ఏందమ్మా, నీ బిడ్డకు జ్వరమొస్తే నువ్వు గిట్లనే కూసుంటవా?" అని కడిగేశాను. నేనొక్కదాన్ని ఎంతమందిని కడగను? ఆ మాట ఇల్లిల్లూ తిరిగి బావగారి దాకా వచ్చేసింది.

ఆయన దాన్ని నమ్మేశారు. అదీ ఘోరం. గేటు పక్కన అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నారు. కంచం ముందు పెడితే ప్రార్థన చేయకుండా అలాగే ఉండిపోయారు. అన్నం ఎండిపోయింది. "నేనే చంపుకున్నానమ్మా" అన్నారు నాతో, చాలా మామూలుగా, టైమెంతైందో చెప్పినట్టు. లోపలికెళ్ళి అక్కకి చెప్పాను. అక్క విన్నది. కొంగు దోపుకుని లేచింది. ఆ ముఖం చూస్తే నాకు భయం వేసింది.

శుక్రవారం పొద్దున అయ్యగారు వచ్చారు, మా పాస్టరుగారు. మంచివాడు, చిన్నవాడు, ఏం మాట్లాడాలో తెలియక బైబిలు అంచులు సవరించుకుంటున్నాడు. "అమ్మా, రేపటి కూడిక ఆపుదాం. లేదంటే ఆదరణ కూడిక అని మారుద్దాం" అన్నాడు. చావు జరిగిన ఇంట్లో ఓదార్చడానికి పెట్టేది ఆదరణ కూడిక. అదే సబబు కూడా.

"మార్చొద్దయ్యగారూ" అంది అక్క. "గుడిలో నిలబడి కృతజ్ఞత అన్నాను. ఆ పేరుతోనే రమ్మనండి."

"అమ్మా, జనం ఏమనుకుంటారో..."

"అనుకుంటున్నారుగా ఇప్పటికే. నా ఎదురుగా అనుకోమనండి." నా వైపు తిరిగి, "సిస్టర్ గారికి ఫోన్ చెయ్యి చెల్లీ. ముందు వరసలో కుర్చీ వెయ్యి" అంది.

అయ్యగారు వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఏం చెప్తవ్ అక్కా అందరి ముందట?"

"తెలీదు."

"దేవుణ్ణి తిడ్తవా?"

"తెలీదన్నాగా!" అని కసిరింది. కసిరి, స్టవ్ దగ్గరికెళ్ళి వెలిగించకుండా నిలబడింది. "రేపు అక్కడ నిలబడ్డాక నోట్లోంచి ఏమొస్తుందో నాకే భయంగా ఉందే. ఆయన్ని వదిలేస్తానేమో. నిజంగా వదిలేస్తానేమో."

శనివారం సాయంత్రం షామియానా నిండిపోయింది. దుఃఖంతో వచ్చినవాళ్ళు సగం, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్ళు సగం. ఎందుకు దాచాలి, అదే నిజం. వంటవాళ్ళకి ముందే చెప్పి ఉండటం వల్ల వెనకాల గుండిగలు దిగుతున్నాయి, బగారా అన్నం వాసన వస్తోంది. బావగారు ముందు వరసలో, తల వంచుకుని.

పాట అయిపోగానే ఎవరూ పిలవకుండానే సిస్టరమ్మ లేచింది. మెల్లగా, తియ్యగా మొదలుపెట్టింది. "ప్రియులారా, ప్రభువు ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు. కానీ ఒక ఇంట్లో ఒక్కరి అవిశ్వాసం చాలు, ఆయన చేతిని ఆపడానికి. ఇది మనకి హెచ్చరిక." ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, అందరి కళ్ళూ బావగారి వీపు మీదే. ఆయన తల మోకాళ్ళ దాకా వంగిపోయింది.

అక్క లేచింది. మైకు తీసుకోలేదు.

"నేను పోయిన ఆదివారం ఒక సాక్ష్యం చెప్పాను. నా బిడ్డ స్వస్థపడిందన్నాను. అది అబద్ధం. స్వస్థపడినట్టు నేను చూడలేదు. దేవుడు నాకు చెప్పలేదు. నా బిడ్డ బతకాలని నాకు ఆశ. ఆ ఆశకి ఆయన పేరు తగిలించి, ఆయన గుడిలో నిలబడి చెప్పాను. ఎవరి ముందు చెప్పానో వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలి కదా. అందుకే పిలిచాను. నన్ను క్షమించండి."

అక్క సిస్టరమ్మ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, అదే నాకు భయం పుట్టించింది.

"ఒక్కరి అవిశ్వాసం అన్నారు. ఆ ఒక్కరూ నా భర్తేనని దేవుడు మీతో చెప్పాడా అమ్మా? చెప్పుంటే ఆ దేవుడి పేరు పెట్టి ఇక్కడే అనండి. నేను కూర్చుంటాను."

సిస్టరమ్మ పెదాలు కదిలాయి. "నాకు... ప్రేరణ కలిగింది..."

"నాకూ ప్రేరణే అనిపించింది, పోయిన ఆదివారం" అంది అక్క. "ఇప్పుడు చెప్పండి."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోంది కూడా. నాకు జాలి కలిగింది, అబద్ధమెందుకు.

"ఈయన బిడ్డని ఎత్తుకుని పరిగెత్తాడు" అంది అక్క, బావగారి భుజం మీద చెయ్యి వేసి. "నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఈయన చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. ఇంకెవరైనా ఈయన్ని ఒక్క మాటంటే నా గడప తొక్కొద్దు. సంఘపెద్ద కాబట్టి కాదు, తండ్రి కాబట్టి."

వెనక వరసలోంచి ఒక ముసలావిడ, బొల్లారం నుంచి వచ్చే ఆమె, ఉన్నచోటే నిలబడి అందరి మనసులో ఉన్నదీ అడిగేసింది. "మరి దేవుని మీద నీకు ఇంకా నమ్మకం ఉన్నదా బిడ్డా?"

అక్క ఆమె వైపు తిరిగింది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వదిలేస్తానేమో అన్న మాటే నా చెవుల్లో ఉంది.

"నమ్మకం లేకపోతే ఎవరి మీద కోప్పడుతున్నానమ్మా మూడు రోజులుగా?" అంది. అప్పుడు ఏడుపు వచ్చింది అక్కకి. "కోపంగా ఉంది నాకు. చాలా కోపంగా ఉంది. నా బిడ్డ చావుకి నేను థాంక్స్ చెప్పను, ఎవరూ చెప్పించొద్దు. ఆయనతోనే అంటున్నాను ఈ మాట, మీతో కాదు. వింటున్నాడని తెలిసే అంటున్నాను."

అయ్యగారు లేచి ముగింపు ప్రార్థన చేయబోయాడు. అక్క చెయ్యెత్తి ఆపింది. "మీరు చెయ్యండి" అంది బావగారితో. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ సొంత మాటలొద్దు. ప్రభువు నేర్పిన ప్రార్థనే చెప్పండి, చిన్నప్పటి నుంచీ వచ్చిందేగా. లేవండి."

ఆయన లేచారు. తండ్రీ అని మొదలుపెట్టారు. మేమూ గొంతు కలపబోయాం గానీ ఆయన స్వరం అంత చిన్నగా ఉంది, అందరం ఆగి విన్నాం. నామం దాటారు, రాజ్యం దాటారు. "నీ చిత్తము..." అన్నారు. ఆగిపోయారు.

మళ్ళీ అన్నారు. "నీ చిత్తము..." ముందుకు రావడం లేదు. చేతులు గాల్లో, పిల్లని మోసిన తీరులోనే ముందుకు చాచి ఉన్నాయి. ఎవరూ అందించలేదు. 'నీ చిత్తము నెరవేరును గాక' అన్నది సంఘమంతటికీ కంఠతా వచ్చిన వాక్యమే. అయ్యగారు నేల చూస్తున్నాడు.

అక్క ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. "ఆ మాట నాకూ రావట్లేదండీ" అంది, అందరికీ వినిపించేలా. "దాటేయండి. తర్వాతిది చెప్పండి. దీని కోసం ఆయన ఆగుతాడు."

బావగారు దాటేశారు. రోజూ తినే అన్నం దయచేయమనే మాట దగ్గరికి వచ్చారు. అప్పుడు మా అందరికీ గొంతులు వచ్చాయి, చివరి ఆమేన్ దాకా కలిసే చెప్పాం. ఆ రాత్రి బావగారు మూడు రోజుల తర్వాత అన్నం కలుపుకున్నారు. అక్కే వడ్డించింది.

మర్నాడు ఆదివారం. వస్తుందో రాదో అని మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. వచ్చింది, సండే స్కూలు పిల్లల్ని కేకలేసుకుంటూనే వచ్చింది. ఆ తర్వాత మేం ఆ ఇల్లు మారినా, బావగారు పోయినా, అక్కకి మోకాళ్ళు అరిగి మెట్లెక్కలేకపోయినా, గుడిలో నేను అక్క పక్కనే నిలబడేదాన్ని. ప్రతి ఆదివారం ఆ ప్రార్థనలో ఆ ఒక్క వాక్యం దగ్గరికి రాగానే అక్క పెదాలు మూసుకునేవి. చుట్టూ సంఘమంతా చెప్పేది. అక్క ముందు బెంచీని రెండు చేతులా పట్టుకుని, మేం అది దాటేదాకా అలాగే నిలబడేది. బయటికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.